తీగకు గుచ్చిన చెరకు చీటీలు

మా పెళ్లయి నాలుగు నెలల పదకొండు రోజులు. రోజులు లెక్కపెట్టేది నేనే; నాగేందర్‌కు నెలలు గుర్తుంటే గొప్ప. ఆ ఉదయం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అమ్మకానికి ఉన్న ఒక ఇల్లు చూస్తూ వంటగది కిటికీ తెరిచాను. ఎదురుగా రోడ్డు. రోడ్డు అవతల నాగేందర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే క్లినిక్. సరిగ్గా పదకొండింటికి అతను టీ తాగడానికి మెట్ల మీదికొచ్చాడు, నన్ను చూసి గ్లాసు పైకెత్తాడు. ఇల్లు కొనడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేకపోయింది.

రెండు గదులు, వంటిల్లు, వెనక కరివేపాకు చెట్టు. యజమాని రామకోటేశ్వరరావు గారు బోధన్ అవతల కాలువ కింద వ్యవసాయం చేస్తారు. పిల్లల చదువుల కోసం ఇరవై ఏళ్ల కిందట కొన్న ఇల్లు. చదువులైపోయాయి, ఇప్పుడు ట్రాక్టరు కోసం అమ్ముతున్నారు. మూడు లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. అది మా అత్తమ్మ, అంటే నాగేందర్ తల్లి గంగుబాయి ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చుడితే చేతికొచ్చిన పీఎఫ్. మిగతాది బ్యాంకు లోను. అరవై రోజుల్లో మొత్తం కట్టకపోతే అడ్వాన్సు తిరిగి రాదని అగ్రిమెంటులో రాసుకున్నాం. ఆయన ఆ డబ్బు అప్పుడే ట్రాక్టరు షోరూములో కట్టేశారు కూడా.

బ్రోకరు ఇచ్చిన ఈసీ పదమూడేళ్లది. ఇంటి మీద ఏయే తనఖాలున్నాయో, ఎవరు ఎవరికి అమ్మారో చెప్పే రిజిస్ట్రేషన్ కాగితం అది. అందులో ఏమీ లేదు. బ్యాంకు వాళ్లు ముప్పై ఏళ్లది అడిగారు. మీసేవకు వెళ్లి నేనే తెచ్చాను. ఒక ఇంటి కథ అంతా రెండు పేజీల్లో చదవడం ఎంత బాగుందో! రెండో పేజీలో, 2008లో, ఆ ఇంటిని రామకోటేశ్వరరావు గారు తమ ఊరి సహకార సొసైటీకి తనఖా పెట్టినట్టు ఉంది. విడిపించినట్టు మాత్రం ఎక్కడా లేదు.

"తనఖా విడుదల రిజిస్టరైతేనే లోను," అన్నాడు బ్యాంకు ఆఫీసరు. గడువుకు ఇంకా పంతొమ్మిది రోజులే.

నాగేందర్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "అవ్వ పైసలు పోతయి వినీతా. ముప్పయ్యేండ్ల కష్టం."

"పోవు. అప్పు ఉంటే ఆయన కడతాడు. తీరిపోయి ఉంటే ఎక్కడో ఆ సంగతి రాసి ఉంటుంది. వెతుకుదాం."

"నువ్వు గిట్ల నవ్వుకుంట చెప్తుంటే నాకు ఇంకింత భయమైతుంది."

ఆదివారం ముగ్గురం బోధన్ బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటోలో క్యాంపుకు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను ఈ వైపు క్యాంపులంటారు. దారిలో ఎక్కువగా వరి, అక్కడక్కడ చెరకు. ఆటో కుదుపుకు మా ఇద్దరి మధ్య కూర్చున్న అత్తమ్మ అటూ ఇటూ ఊగుతూ, "నడుమల నన్నెందుకు కూసోబెట్టిండ్రో," అని గొణిగింది. నాకు నవ్వాగలేదు.

రామకోటేశ్వరరావు గారు వసారాలో పంచె బిగించుకుంటూ లేచారు. నేను ఈసీ చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, తేలిగ్గా నవ్వేశారు.

"ఇదా అమ్మాయ్! బోరు మోటారు కోసం తీసుకున్న అప్పు. ఎప్పుడో తీరిపోయింది. నేను నా చేత్తో రూపాయి కట్టలేదు, చెరకే కట్టింది."

"చెరకెట్లా కడుతుందండీ?"

"మనం ఫ్యాక్టరీకి చెరకు తోలతామా, ఆ బిల్లులోంచే సొసైటీ వాళ్లు కిస్తీ కోసుకునేవాళ్లు. మిగిలింది మన చేతికొచ్చేది. కోత ఆగిపోయిందంటే అప్పు తీరిందని అర్థం. ఇక్కడ అందరిదీ అదే పద్ధతి. మళ్లీ కాగితమేంటి, విడుదలేంటి?"

అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "నేను పాతిక బీడీల కట్ట ఇయ్యాలన్నా కార్డు మీద ఎక్కియ్యనిదే ఇయ్య. నువ్వు లారీలకు లారీలు చెరుకు పోసి ఒక్క కాగితం అడగకపోతివా అన్నా?"

"అడగలేదు చెల్లెమ్మా," అన్నారాయన. నవ్వు పోయింది. "తప్పే."

సొసైటీ సెక్రటరీ శేఖర్‌కు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. నాగేందర్ వయసే ఉంటుంది. "అన్నా, మీ మీద నాకు అనుమానం లేదు. కానీ పాత బుక్కులు చెదలు తిన్నయి. ఆధారం లేకుంట విడుదల రాస్తే రేపు ఆడిట్ల నా మెడకు పడుతది. ఏదన్న ఒక్క కాగితం సూపియ్యున్రి, ఇప్పుడే సంతకం చేస్త."

నాగేందర్ నా వంక చూశాడు. నేను గోడ వంక చూస్తున్నాను, ఎందుకంటే గోడ కొక్కేనికి ఒక ఇనుప తీగ వేలాడుతోంది, దాని నిండా కరెంటు బిల్లులు, పెళ్లి కార్డులు, రంగు వెలిసిన రశీదులు గుచ్చి ఉన్నాయి.

"పిన్నిగారూ, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

రామకోటేశ్వరరావు గారి భార్య ఇందిరాదేవి గారు కాఫీ గ్లాసులు దించి లోపలికి వెళ్లారు. మరో మూడు తీగలు భుజాన వేసుకుని వచ్చారు. "ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన చెరకు చీటీలు. ఈయన పొయ్యిలో పెట్టమంటే పెట్టలేదు. చూసుకోండి, దుమ్ము మాత్రం నన్నడక్కండి."

వసారాలో చాప పరిచి కూర్చున్నాం. వందల చీటీలు. నాగేందర్ తేదీల ప్రకారం పేర్చబోతే ఫ్యాను గాలికి సగం ఎగిరిపోయాయి. శేఖరే లేచి ఫ్యాను ఆపాడు. నేను ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాను. పదో చీటీకే కళ్లు మండాయి.

"జరుగు బిడ్డా," అంది అత్తమ్మ. ఆమెకు చదవడం రాదు. తీగ మీంచి ఒక గుప్పెడు లాగి, బీడీల తునికాకు సర్దినట్టు బొటనవేలితో చకచకా తిప్పింది. "కొన్నిటికి ఊదారంగు ముద్ర ఉన్నది, కొన్నిటికి లేదు. గదేంది?"

శేఖర్ వంగి చూశాడు. "సొసైటీ ముద్ర. కిస్తీ కోసిన చీటీకే కొడుతరు."

"మరి గట్ల చెప్పవేంది!"

అంతే. ముద్ర ఉన్నవి ఒక పక్కకు, లేనివి మరో పక్కకు. ఆమె వేళ్లు ఎంత వేగంగా కదిలాయంటే రామకోటేశ్వరరావు గారు కాఫీ తాగడం మరిచిపోయారు. పావుగంటలో ముద్ర చీటీలు ముప్పై ఎనిమిది తేలాయి. వాటిని తేదీల వారీగా పేర్చడం నా వంతు. చివరిది 2011 ఫిబ్రవరిది. బరువు, ధర, కోత, ఊదారంగు ముద్ర. దాని పక్కన పెన్నుతో, కొంచెం వంకరగా: 'చివరి కిస్తీ. సొసైటీ బాకీ లేదు.' కింద అప్పటి సెక్రటరీ సంతకం.

నేను గట్టిగా చదివాను. రెండోసారి ఇంకా గట్టిగా చదివాను. మూడోసారి నాగేందర్ చదివాడు. తర్వాత కాఫీతో పెట్టిన పళ్లెంలోని జంతికలు ఒక్కడే తినేశాడు.

శేఖర్ చీటీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "పాత సారు సంతకమే. గురువారం నిజామాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకొస్త."

వచ్చాడు. విడుదల రిజిస్టరైంది, ఖర్చు రామకోటేశ్వరరావు గారే పెట్టుకున్నారు. గడువుకు నాలుగు రోజుల ముందు లోను వచ్చి, ఇల్లు మా ముగ్గురి పేర మారింది. ఆ రోజు ఇందిరాదేవి గారు నాకు పసుపు కుంకుమతో పాటు ఒక కొత్త ఇనుప తీగ ఇచ్చారు, చివర కొక్కెంతో సహా.

వారం తర్వాత సరదాకి ఇంకో ఈసీ తెచ్చుకున్నాను. 2008 తనఖా, దాని కింద విడుదల, దాని కింద మా పేర్లు. ఆ కింద, మేము బ్యాంకుకు రాసిచ్చిన కొత్త తనఖా. అత్తమ్మకు చదివి వినిపించాను.

"ఎన్నేండ్లు?"

"ఇరవై, అత్తమ్మా."

"ఇరవయ్యేండ్ల తర్వాత విడుదల కాగితం తెచ్చుడు మరువకు. నేనుంటనో ఉండనో. నా కొడుకును అసలే నమ్మకు."

మొదటి కిస్తీ కట్టిన రశీదు వంటింట్లో కిటికీ పక్కన ఆ తీగకు గుచ్చాను. రెండువందల నలభైలో ఒకటి. గుచ్చుతుంటే గడియారం పదకొండు కొట్టింది. నాగేందర్ మెట్ల మీదికొచ్చి టీ గ్లాసు పైకెత్తాడు. నేను గరిటె ఎత్తాను.

"అయ్యిందా?" అంది అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుంటూ. "పప్పు మాడుతుంది."