సరంగు మోచేతి కొలత

నేను ఒక చెక్క బారుని. రోడ్డు మీద రంగు లైట్లు వేసుకుని పిలిచే బార్లకీ నాకూ చుట్టరికం లేదు. ఒక మేడగదిలో నిలబెట్టిన బల్లని. లోపలివైపు మూడు అరలు, బయటివైపు ఒక ఎత్తు స్టూలు. స్టూలు ఒకటే ఎందుకంటే, నన్ను ఒకే ఒక్క మనిషి కోసం చేయించారు. ఆయన తాగడానికి కాదు, ఇంట్లో ఉండడానికి.

నా టేకు పాతది. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర పడగొట్టిన ఒక బంగళా తలుపులు నేను. తలుపుగా ఉన్నన్నాళ్ళూ నేను చూసింది వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ. అందుకే ఎవరైనా చెప్పులు తొడుక్కుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. చెక్కకి గుండె ఎక్కడుందని అడక్కండి.

నన్ను చేయించినావిడ నూకరత్నం. ఆవిడ భర్త జోగినాయుడు సరకు ఓడల మీద సరంగు, అంటే కళాసీల పెద్ద. ఏడాదికి పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు నేల మీద. ఆ రెండు నెలల్లోనూ సాయంత్రమైతే హార్బరు దగ్గరి బ్రాందీ దుకాణాల్లో తోటి ఓడవాళ్ళతోనే. ఈసారి ఫోనులో "ఇదే ఆఖరు ఓడ" అన్నాడు. ఆ మాట అంతకుముందు మూడుసార్లు విన్న రత్నం నమ్మకుండా వడ్రంగి వీరభద్రాచారిని పిలిపించింది.

ఆచారి అంతవరకు దేవుడి మందిరాలూ మంచాలూ చేసినవాడే. అలవాటుకొద్దీ నా చెక్కకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాక, ఏం చేయబోతున్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

"మనిషేడమ్మా? నిలబడితే మోచెయ్యి ఎంతెత్తుకొస్తాదో కొలవాల. మోచెయ్యి ఆనకపోతే అది బారెలగవుతాది?"

"ఓడ మీదున్నాడు బాబూ. ఆయన దిగేసరికి ఇది తయారైపోవాల."

"మరి నానెవుర్ని కొలవను? నిన్నా?"

రత్నం నవ్వి, నిటారుగా నిలబడి, భుజానికి కొంచెం కింద అరచెయ్యి ఆనించింది. "ఇదిగో. నా పక్కన నిలబడితే ఆయన మోచెయ్యి ఇక్కడికొస్తాది. ముప్పయ్యేళ్ళ కాపురం, నాకు తెల్దేటి?"

ఆచారి అక్కడికి గోడ మీద పెన్సిల్ గీత గీశాడు. నేను ఆ గీత ఎత్తున తయారయ్యాను.

నాయుడు వచ్చాడు. నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఒలే రత్నం, ఇంట్లో బ్రాందీ షాపెట్టీసేవేటే!" అంటూ నా మీద మోచేతులు ఆనించాడు. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. "దీని మీద తాగాలంటే నిచ్చెనెయ్యాల. ఎవుడే ఈ కొలత తీసినోడు?"

ఆచారి పరుగున వచ్చాడు. "నా తప్పేటున్నాది నాయుడూ? మీ ఆవిడ సూపించిన కొలతే సేసేను."

"ఏదీ, మళ్ళీ సూపించు" అన్నాడు నాయుడు.

రత్నం బిక్కమొహంతో నిలబడి, మళ్ళీ అక్కడే అరచెయ్యి పెట్టింది. నాయుడు ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మూలనున్న తన ఓడ సంచిని భుజానికెత్తుకుని, దాన్ని పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. పైకి లేచిన ఆ మోచెయ్యి సరిగ్గా ఆవిడ అరచేతి కిందకి వచ్చింది.



"నువ్వు నా పక్కన నిలబడి నన్ను సూసింది గుమ్మం దగ్గరేనేటే?"

"మరెప్పుడు సూణ్ణిచ్చేవు మావా?"

నాయుడు సంచి దించి, "కోసీయ్ ఆచారీ, నాలుగు వేళ్ళు" అన్నాడు. రంపం నా కాళ్ళ మీద నడుస్తుంటే నాకు నొప్పి తెలియలేదు. కోసేస్తున్నది వెళ్ళిపోయే మనిషి కొలతని అనుకున్నాను. చెక్క బుర్ర కదా.

ఆ తర్వాతి రెండేళ్ళే నేను బతికింది. సాయంత్రమైతే రత్నం నెత్తళ్ళ చేపలు వేయించి తెచ్చి లోపలివైపు నిలబడేది. ఆయనకి రెండు పెగ్గులు, ఆవిడకి మజ్జిగ. పై అరలో సీసాలు, నడిమి అరలో గ్లాసులు, కింది అరలో ఏం పెట్టాలో తెలియక ఆవకాయ జాడీ. ఆయన మొంబాసా గురించీ రంగూన్ గురించీ చెప్పేవాడు. "అక్కడి ఆడోళ్ళు బావుంటారా?" అని ఆవిడ ప్రతి ఊరికీ అడిగేది. "నీ అంత నోరు లేదు ఎవులికీ" అని ఆయన ప్రతి ఊరికీ చెప్పేవాడు. ఆయన చెప్పులు తొడుక్కుంటే మాత్రం, సిగరెట్లకేనని తెలిసేదాకా మేమిద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం, ఆవిడా నేనూ.

ఒకరోజు ఫోను వచ్చింది. ఏదో ఓడకి అర్జెంటుగా సరంగు కావాలట, ఒక్క ఏడాదికి. "వయసైపోనాది బాబూ, నాను రాను" అని ఆయన ఫోను నా మీద పెట్టేశాడు. రత్నం ఆ రోజు ఇంకో వాయి చేపలు వేయించింది.

కానీ మర్నాటి నుంచి ఆయన గ్లాసు సగంలోనే ఆగిపోయేది. ఊళ్ళ పేర్లు రావడం మానేశాయి. ఆవిడ అడిగితే "ఆఁ" అనేవాడు. పది రోజులు చూసింది రత్నం. పదకొండో రోజున గ్లాసు పక్కకి జరిపి అంది:

"ఆ ఓడోళ్ళకి ఫోను సెయ్ మావా. వస్తానని సెప్పు."

"ఏటే, నన్ను కట్టీడానికే కదా ఈ బల్ల సేయించేవు?"

"కట్టీడానికి కాదు. ఎదురుగుండా నిలబెట్టుకుని సూసుకోడానికి. సూసుకున్నాను. ఎల్లు."

ఆయన చాలాసేపు నా మీది తడి మచ్చని వేలితో రుద్దాడు. వద్దని ఆవిడ అనలేదు, ఉంటానని ఆయన అనలేదు. మనుషులు ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎంత ఉంటే అంత తక్కువ మాట్లాడతారు. అది వాళ్ళ తెలివితేటలు.

నాలుగో రోజున వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం రత్నం అలవాటుగా నెత్తళ్ళు వేయించి, ప్లేటు నా మీద పెట్టి, తన చోట నిలబడింది. ఎదురుగా స్టూలు ఖాళీ. కాసేపటికి మజ్జిగ గ్లాసు పట్టుకుని ఇవతలికి వచ్చి, మొదటిసారి ఆ స్టూలెక్కి కూర్చుంది. తల ఎత్తింది.

ఎదురుగా కిటికీ ఉంది. గాలి ఆయన మొహానికి తగలాలని, కిటికీ తన వీపు వెనక వచ్చేలా నన్ను నిలబెట్టించింది ఆవిడే. కొండవాలు కింద ఇళ్ళ కప్పులు, వాటికవతల సముద్రం, రేవులో చోటు కోసం లంగరేసి నిలబడ్డ ఓడలు. ఒక్కొక్కటీ దీపాలు వెలిగించుకుంటున్నాయి.

"ఒలమ్మా..." అంది. గొంతులో కోపం లేదు. "ఇన్నాళ్ళూ నాను అడ్డంగా నిలబడీసేనేటి?"

లేదమ్మా, ఆయన ముందు నిన్ను చూసేవాడు, ఆ తర్వాతే వాటిని, అని చెబుదామనుకున్నాను. రెండేళ్ళూ ఆయన కళ్ళకి ఎదురుగా ఉన్నది నేనే కదా, నాకు తెలుసు. కానీ నాకు నోరెక్కడిది?

చేపలు చల్లారిపోయాయి. రత్నం స్టూలు ఇంకొంచెం కిటికీకి ఎదురుగా జరుపుకుని కూర్చుంది.