బురదలో సర్వసభ్య సమావేశం

లిఫ్టు ఆగిపోతే ఎవరికైనా మెట్లు గుర్తుకు రావాలి. ఆ భవనంలో వాళ్ళకు మాత్రం సెక్రటరీ గుర్తుకొస్తాడు. నీళ్ళు రాకపోతే సెక్రటరీ, నీళ్ళెక్కువై ట్యాంకు పొంగితే సెక్రటరీ, పై ఇంటివాళ్ళు కుర్చీ జరిపితే సెక్రటరీ. ఒంటికి సబ్బు రాసుకున్నాకే జనానికి ఆయనతో పని పడుతుంది. వాళ్ళ ఒంటికి కాదు, ఆయన ఒంటికి.

మందుల కంపెనీలో లెక్కలు చూసుకునే ఆ పెద్దమనిషి కోరి తెచ్చుకున్న పదవి కాదది. ఒకసారి అసోసియేషన్ మీటింగుకి ఆలస్యంగా వెళ్ళాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎవరికోలే అనుకుని ఆయనా కొట్టాడు.

"ఏమండీ, వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు," అంది భార్య. "ఈలోపు ఆ పదవి ఎవరికైనా అంటగట్టారా, సరే. లేదంటే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతా. మీరూ ఆ నీళ్ళ మోటారూ కాపురం చేసుకోండి."

ఆవిడ మాటంటే మాటే. పెట్టె కూడా అటక మీంచి దించేసింది.

ఆ భవనంలో ఆయనకు స్నేహితులు ముగ్గురు. పళ్ళ డాక్టరు, లాయరమ్మ, కింది అంతస్తులో ఉండే సొంత బావమరిది. పదవి మాటెత్తితే చాలు, డాక్టరుకు పేషెంటు ఫోనొచ్చేది, లాయరమ్మకు కోర్టు ఫోనొచ్చేది. బావమరిదికి ఏ ఫోనూ వచ్చేది కాదు, అయినా చెవి దగ్గర పెట్టుకుని లేచి వెళ్ళిపోయేవాడు. సిగ్నల్ లేని చోటు కోసం వెతికి వెతికి సెక్రటరీ ఒక గుహను పట్టుకున్నాడు.

"ఎప్పుడూ ఇల్లూ ఆఫీసేనా? సరదాగా గుహ చూసొద్దాం," అన్నాడు. అమాయకులు, నమ్మారు.

ముందురోజే వానపడింది. గుహ మొదట్లోనే పిక్కల దాకా బురద. డాక్టరు కొత్త బూట్లకు ప్లాస్టిక్ సంచులు కట్టుకొచ్చాడు. లాయరమ్మ గొడుగు తెచ్చింది.

"గుహలో గొడుగెందుకమ్మా?" అంది దారి చూపించే గైడు.

"పైకప్పు కారితే?"

"జాగ్రత్తగా నా వెనకే రండి. నాకివన్నీ చిన్నప్పట్నుంచీ అలవాటే," అని బావమరిది మొదటి అడుగు వేసి, రెండో అడుగుకు కూర్చుండిపోయాడు. లేపడానికి వెళ్ళిన డాక్టరు కాలు పైకొచ్చింది, బూటు రాలేదు. సంచి మాత్రం శుభ్రంగా కాలికే ఉంది. నవ్వీ నవ్వీ లాయరమ్మ కూడా కూలబడింది. ఇక పాడయ్యే బట్టలంటూ ఎవరి ఒంటి మీదా మిగల్లేదు కాబట్టి, అందరి ప్రాణం హాయిగా కుదుటపడింది.

కొంతదూరం పోయాక దారి సన్నబడింది. ఇక పాకాలి అంది గైడు. ఆవిడ వెనక డాక్టరు, తర్వాత బావమరిది, తర్వాత సెక్రటరీ, చివర లాయరమ్మ. సెక్రటరీ కాచుకున్న చోటు ఇదే. బోర్లా పడుకున్న మనిషి ఫోనొచ్చిందని లేచి వెళ్ళలేడు.

"అన్నట్టు, వచ్చే ఆదివారం మీటింగు," అన్నాడు చీకట్లోకి. "ఈసారి సెక్రటరీగా మీలో ఎవరైనా..."

ముందున్న ఇద్దరూ బల్లుల్లా పరుగందుకున్నారు. పట్టుకోవాలని సెక్రటరీ కూడా జోరుగా పాకాడు. భుజాలు వెళ్ళాయి. పొట్ట వెళ్ళలేదు.

"అన్నయ్యగారూ, ఆగారేం?" అంది వెనకనుంచి లాయరమ్మ.

"నేను ఆగలేదు చెల్లెమ్మా. రాయి ఆపింది."

భయపడదామనుకున్నాడు గానీ, తీరా చూస్తే హాయిగా ఉంది. పొట్ట కింద బురద చల్లగా, మెత్తగా ఉంది. ఫోను మోగదు. తలుపు తట్టేవాడు లేడు, తట్టడానికి తలుపే లేదు. ఈ పదవి వచ్చిన మూడేళ్ళలో ఇంత ప్రశాంతంగా పడుకున్నది లేదు.

అవతల, దారి మళ్ళీ విశాలమైన చోట మాత్రం గోల మొదలైంది. బావమరిది ఒక చెయ్యి ఇటూ, డాక్టరు ఒక చెయ్యి అటూ లాగుతున్నారు.

"ఏం లేదు సార్, కొంచెం నొప్పిగా ఉంటుందంతే. నోరు పెద్దగా తెరవండి," అన్నాడు డాక్టరు, అలవాటు కొద్దీ.

గైడు ఏదో చెప్పబోయింది గానీ, ఈలోపే సెక్రటరీ అందుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు నా చెయ్యొదిలి డాక్టరుగారి నడుం పట్టుకో. డాక్టరుగారూ, నా రెండు చేతులూ మీవి. చెల్లెమ్మా, గొడుగు అవతల పెట్టి నా బూట్లు తొయ్యి. నేను ఊపిరి వదిలి 'ఊ' అన్నాకే లాగండి. ముందే లాగితే చొక్కా వస్తుంది, నేను రాను."

"ఈయనుండగా నేనెందుకు?" అంది గైడు, దీపం పట్టుకుని.

"ఊ!"

డాక్టరు పట్టులో పన్నులా ఊడొచ్చాడు. అందరూ ఒకరి మీద ఒకరు బురదలో పడ్డారు.

"బావా, ఇరుక్కున్నది నువ్వు, దారి చూపించింది మాకు!" అన్నాడు బావమరిది. వాడి గొంతులో వెటకారం లేదు. అది వాడికే ఆశ్చర్యంగా ఉంది.

"నేనైతే ఏడ్చేవాణ్ణి సార్," అన్నాడు డాక్టరు.

"ఇలాంటి మనిషిని వదులుకుంటామా? వచ్చే ఏడాదికీ అన్నయ్యగారి పేరే ప్రతిపాదిస్తున్నా," అంది లాయరమ్మ.

"బలపరుస్తున్నా," అన్నాడు డాక్టరు, ఒంటి బూటుతో లేచి నిలబడి.

పదవిలోకి వచ్చాక ఒక్కడంటే ఒక్కడు ఆయన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. ముగ్గురూ ఒకేసారి మెచ్చుకుంటే ఏ మనిషి తట్టుకుంటాడు? గుండె నిండిపోయింది. బురద లేకపోతే ముఖం ఎర్రబడ్డం కనిపించేది.

"సరే, మీరంతగా అంటుంటే... ఒక్క ఏడాదే," అనేశాడు.

దారి పొడుగునా కూనిరాగం తీస్తూనే వచ్చాడు. ఇప్పుడు సొంత గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా బురద కారుతూ, ఇంకా నవ్వుముఖంతోనే.

"వచ్చారా? ఎవరో ఒకరు దొరికారా?" అంటోంది భార్య లోపల్నుంచి.

అయ్యలారా, అమ్మలారా, కాపురాలు చేసినవాళ్ళు మీరు. దొరికింది తానేనని ఆ మనిషి ఆవిడకు ఏ మాటల్లో చెప్పాలి? ముందు స్నానం చేసి చెప్పాలా, ఈ బురదతోనే జాలిగా నిలబడి చెప్పాలా? మీ పుణ్యముంటుంది, కాస్త త్వరగా చెప్పండి. గడియ తీస్తున్న చప్పుడవుతోంది.