పగటిపూట గౌను

కొండలయ్య కుట్టుమిషను చక్రానికి నూనె వేసి, సూది కింద పాత గుడ్డముక్కతో తుడిచాడు. చాల్లేదనిపించి మళ్ళీ తుడిచాడు. పటమట సెంటర్లో బట్టలకొట్టు అరుగు మీద అతని మిషను. చిన్నప్పుడు జ్వరంలో కుడికాలు పడిపోతే, ఎడమకాలితోనే తొక్కడం నేర్చుకున్నాడు. ఆ కుంటి చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. అది విని ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు పట్టుకుని బయలుదేరతారు. ఈవేళ ఎండెక్కినా ఆ చప్పుడు లేదు.

ఎదురుగా లేతనీలం పాప్లిన్ గుడ్డ మడత విప్పకుండా ఉంది. అది చెల్లెలు వీరమ్మ గౌనుకి. సాయంత్రం బండికి ఆమె మద్రాసు వెళుతోంది. అక్కడినుంచి ఓడలో పినాంగు, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. గుడ్డ వచ్చి చాలా రోజులైంది. ఈలోగా కొండలయ్య వచ్చినవాళ్ళందరి జాకెట్లూ కుట్టాడు, పెళ్ళివారి లంగాలు కుట్టాడు, ఎవరూ తొందరపెట్టని దిండుగలీబులు కూడా కుట్టాడు. ఈ గుడ్డ దగ్గరికొచ్చేసరికి మాత్రం దారం రంగు కలవలేదంటాడు, ముందు తడిపి ఆరెయ్యాలంటాడు. అసలు సంగతి, గౌను లేకపోతే పిల్ల ఆగుతుందేమోనని ఆశ. కొండలయ్య కుట్టు పూర్తయ్యేదాకా ఓడవాళ్ళు లంగరెత్తకుండా కూర్చుంటారన్నట్టు!

వీరమ్మ పనిచేసే ఆసుపత్రి మేట్రను జీవరత్నంగారు గొడుగు ముడుస్తూ అరుగెక్కింది. ఆవిడ ఒకప్పుడు ఓడలో వెళ్ళొచ్చిన మనిషి. గౌను సలహా ఆవిడదే.

"ఇంకా కత్తెరే పెట్టలేదా కొండలయ్యా?"

"చీరలున్నాయి గదండీ దానికి. బంగారంలాంటి చీరలు."

"చీరలు రాత్రి భోజనాలకయ్యా. పగలు డెక్ మీద గాలి నీకేం తెలుసు? నేనెళ్ళినప్పుడు పైట పట్టుకోటానికే రెండు చేతులూ చాల్లేదు. పగలంతా గౌను, కాళ్ళకి కాన్వాసు బూట్లు, తలకో స్కార్ఫు. ఎత్తు మడమల జోళ్ళేసుకుందా, ఆ ఇనపమెట్ల మీద పళ్ళు రాలతాయి."

"మా ఇంట్లో ఆడాళ్ళు గౌన్లు వెయ్యరండీ."

"మీ ఇంట్లో ఆడాళ్ళు ఇదివరకు ఓడెక్కారా ఏంటి?"

ఎక్కలేదు. గిలకలదిండిలో వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. మగవాళ్ళు పడవలు తోసుకుని సముద్రం మీదికి పోతే ఆడవాళ్ళు ఇసుకలో నిలబడి చూసేవాళ్ళు. అలా పోయిన నాన్న ఒకసారి తిరిగి రాలేదు. అమ్మ ఆ దిగులుతోనే మంచం పట్టి కన్నుమూసింది. నడక కూడా సరిగా రాని వీరమ్మని చంకనేసుకుని, కుంటుకుంటూ బెజవాడ చేరాడు కొండలయ్య.

జీవరత్నంగారు వెళ్ళాక చాలాసేపు గుడ్డని చేత్తో నిమురుతూ కూర్చున్నాడు. గౌన్లు వెయ్యరని ఎంత ధీమాగా అన్నాడు! ఈ పిల్ల గౌన్లలో కాదూ పెరిగింది? పని నేర్చుకునే రోజుల్లో మిగిలిన జాకెట్టు ముక్కలన్నీ అతికి గౌను కుట్టేవాడు. ఒక చెయ్యి ఎరుపు, ఒక చెయ్యి పచ్చ. అది వేసుకుని ఈ అరుగంతా గెంతేది. ఎంత ముద్దొచ్చేదో! బడిలో చేర్చేటప్పుడు ఒకేరంగు గౌను కుట్టి ఇస్తే, "ఇది బాలేదు, రంగులది కావాలి" అని వీధంతా వినపడేలా ఏడ్చింది. కొండలయ్యకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. గుడ్డ విప్పి సుద్దముక్క అందుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా అరుగు మీద మిషను చప్పుడు మొదలైంది. అన్నం కూడా మానేసి కుట్టాడు. చివర అంచు మడిచేముందు గుండీల డబ్బా అడుగునుంచి నాన్న విసురువల గుళ్ళు తీశాడు. వల నీళ్ళలో మునగడానికి అంచున కట్టే సీసపు గుళ్ళు అవి. వాటిని గౌను అంచులోపల ఎడంఎడంగా పెట్టి చేత్తో కుట్టేశాడు.

ఇంటికెళ్ళేసరికి వీరమ్మ పెట్టె సర్దేసి, ముఖం ముడుచుకుని ఉంది. గౌను చూసి లోపలికెళ్ళి వేసుకొచ్చింది. అతికినట్టు సరిపోయింది.

"అంచు ఇంత బరువేంటి అన్నయ్యా?"

"నాన్న వల గుళ్ళు. గాలికి ఎగరకుండా పెట్టా."

వీరమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "ఇంత చేస్తావు, నోరు తెరిచి ఒక్క మాటనవు! ఎప్పుడొస్తావే అని ఒక్కసారన్నా అడిగావా? నేను పోతే పీడా పోయిందనుకున్నావా?"

కొండలయ్య నిర్ఘాంతపోయాడు. ఊళ్ళో ఉన్న ఆ ఆనవాయితీ ఈ పిల్లకి తెలియదని అతనికి ఇన్నాళ్ళూ తట్టనేలేదు. తెలియడానికి ఊరు వదిలినప్పుడు దాని వయసెంతని?

"సముద్రం మీదికి పోయేవాళ్ళని అడగరమ్మా. అడిగితే సముద్రం వింటుందంటారు మనవాళ్ళు. అమ్మ నాన్నని ఏనాడూ అడగలా. పొద్దున లేచిందగ్గర్నుంచీ నా నాలిక మీద అదే మాట. ఎలా ఆపుకుంటున్నానో నాకే తెలుసు."

"అయితే నువ్వడగొద్దు. నేనే చెప్తా, వచ్చే..."

కొండలయ్య గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. మిషను నూనె వాసన. వీరమ్మ ఆ చేతిని అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడైంది. ముఖం కడుక్కుంటోంది కాబోలనుకున్నాడు.

"రైల్లో కూడా గౌనేనా?" అన్నాడు రిక్షా ఎక్కుతూ.

"అలవాటవ్వాలిగా మరి," అంది.

స్టేషన్లో ఆమె రైలుపెట్టె ఎక్కుతుంటే అంచులోని గుళ్ళు మెట్టుకి తగిలి టక్కుమన్నాయి. బండి కదిలింది. కొండలయ్య పిలవలేదు, ఏమీ అడగలేదు. నీలం గౌను చెయ్యి కనిపించినంతసేపూ చూశాడు.

ఇల్లు చేరేసరికి సందెవెలుగు ఇంకా ఉంది. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి ఆగిపోయాడు. గౌను వేసుకోడానికి విడిచిన చీరని వీరమ్మ ఉతికి ఆరేసి వెళ్ళింది. ఏదీ మర్చిపోయే మనిషి కాదామె. పెట్టెలో చోటు లేకా కాదు. సాయంత్రం చీర ఉతికి దండెం మీద వేసిందంటే, తీసుకోడానికి తనే వస్తానని.

చీర అంచుల్లోంచి నీళ్ళు ఇంకా బొట్లుబొట్లుగా కారుతున్నాయి.