విప్పని కవరు

పోశయ్య భార్య బాలవ్వ అయిదో తరగతి దాకా చదివింది, ఉత్తరాలు తనే రాస్తుంది. పోశయ్యకేమో అక్షరం ముక్క రాదు. దుబాయిలో జెబెల్ అలీ కూలీల క్యాంపులో ఆ ఉత్తరాలు తోటి పనివాడు అబ్బులు చదివి పెట్టేవాడు, అదీ గదిలో పన్నెండు మంది చెవులు రిక్కించుకుని వింటుండగా. "ఎప్పుడొస్తవు" అని బాలవ్వ రాసిందంటే వారం దాకా సైటంతా అదే పాట. ఆ మంటకే పోశయ్య త్రిమూర్తులు దగ్గర చదువుకు చేరాడు.

త్రిమూర్తులు కాకినాడలో ట్రైనింగయిన పంతులు. అక్కడ ఉద్యోగం దొరక్క ఇక్కడ స్టోరు చూసుకుంటున్నాడు. పుస్తకం లేదు గనక బాలవ్వ పాత ఉత్తరాన్నే పాఠం చేశాడు. రెండు నెలలకు పోశయ్య దాన్ని గడగడా చదివేస్తే గదంతా చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో ఊరికి జాబు రాయించాడు: ఇగ నీ ఉత్తరం నేనే సదువుత, ఇంకొకడు ముట్టడు.

కొత్త కవరు వచ్చిన రోజే త్రిమూర్తులుకు ఎందుకో అనుమానం వచ్చింది. పాత ఉత్తరం నడిమధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగాడు. పోశయ్య ఉత్తరం మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తే గానీ ఆ మాట దొరకలేదు.

"నువ్వు చదవట్లేదయ్యా, అప్పజెబుతున్నావ్. చూసిందే చూస్తుంటే వచ్చేసినట్టే ఉంటది. తప్పు నాదేలే."

"మరి గీ కొత్తది, సారూ?"

"విప్పకు. ఎవడన్నా చదివి వినిపించాడంటే అదీ నోటికొచ్చేస్తది. ఇదే నీ పరీక్ష."

సిమెంటు సంచుల కాగితం చించి, ముక్కల మీద అక్షరాలు రాశాడు త్రిమూర్తులు. వాటిని కలిపేసి ఒక్కొక్కటే తీసి అడిగేవాడు. తప్పినవి మర్నాడు, మళ్లీ మూడోనాడు, మళ్లీ వారానికి అడిగేవాడు. పోశయ్య సైటుకు పోయే బస్సులో కూడా ముక్కలు తిరగేసుకుంటూ కసిగా నేర్చాడు. కవరు పెట్టెలో చొక్కాల కింద ఉంది.

"అర్జెంటేమో, ఇటియ్యరాదూ" అన్నాడు అబ్బులు ఒకసారి.

"ముట్టకు!" అని కసిరాడు పోశయ్య.

అయిదో శుక్రవారం కవరు చించాడు. అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఎవరి సాయమూ లేకుండా మొదలుపెట్టాడు. పక్కన త్రిమూర్తులుకు ఆనందంతో ఒళ్లు తెలియలేదు. పోశయ్యా గెలిచిన సంబరంలోనే ఉన్నాడు. మాటలు ముందు వచ్చాయి, అర్థం కాస్త వెనకగా వచ్చింది.

"బిడ్డ కన్ను పాడైతున్నది. నెల లోపట ఆపరేషన్ చెయ్యకుంటె సూపు దక్కదన్నడు డాక్టరు. ఒక్కదాన్నే, నాకు ధైర్యం సాలుతలేదు. నువ్వు సరే అని రాస్తెనే చేయిస్త. నీ జాబు కోసం సూస్తున్న."

పైనున్న తారీఖు కూడా పోశయ్యే చదివాడు. నెలన్నర దాటింది.

కాగితం త్రిమూర్తులు చేతిలో పెట్టాడు.

"నేనే తప్పు సదివిన కావచ్చు సారూ. మీరొక్కసారి సదువుండ్రి."

త్రిమూర్తులు రెండుసార్లు చదివాడు. ఎక్కడో ఒక్క తప్పయినా దొరకాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. పోశయ్య ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు.