పాట పాడితేనే గుర్రం

నేను ఒక చెక్క గుర్రాన్ని. సింహాచలమ్మ టీచరు మీద నాకు తీరని కోపం ఉంది. మొన్న తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ ముందు, "ఈ గుంట ఇలా గలగలా మాటాడతందంటే అంతా నా పెంపకవేనండి" అని కొంగు సర్దుకుంది. నేనున్న వైపు ఒక్కసారైనా చూసిందా? లేదు. ఆ పిల్ల ఎవరి వీపు మీద మనిషయిందో మీరే తేల్చండి.

నన్ను చేసింది వడ్రంగి కూర్మయ్య. ఎవరి తలుపుకో మిగిలిన టేకు ముక్కలు నా కాళ్లయ్యాయి, కొబ్బరి పీచు తోకయింది. కళ్లు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టాడు. మనుషుల్ని చూడ్డానికి అదే అనుకూలం. ఒక షావుకారు మనవడి కోసం నన్ను కొంటే, వాడు నన్ను చూసి జడుసుకున్నాడు. కొన్నాళ్లు నా మీద తువ్వాళ్లు ఆరేసుకుని, ఆఖరికి పలాస పక్కనున్న ఈ అంగన్‌వాడీకి దానం చేసి, పక్కన నిలబడి ఫొటో దిగారు. ఫొటోలో నా తల రాలేదు.

ఇక్కడ పిల్లలు బోలెడు, గుర్రం ఒకటే. కొట్లాటలు పడలేక టీచరు ఒక కట్టుబాటు పెట్టింది. గుర్రం కావాలన్నవాళ్లు నన్ను ఊపుతూ చేపల పాట మొత్తం పాడాలి. పాట అయ్యేదాకా ఎక్కినవాళ్లు ఊగుతారు. అవగానే దిగి, పాడినవాళ్లకి చోటివ్వాలి. ఎవరూ పాడకపోతే దిగక్కర్లేదు. పెద్దవాళ్ల కుర్చీలకీ ఇలాంటిదేదో ఉంటే బాగుండును.

అలాంటి చోటికి, జీడిపప్పు కార్ఖానాలో జీడిపిక్కలు కొట్టే గవరమ్మ తన మూడున్నరేళ్ల కూతురు నీలవేణిని తెచ్చింది. ఆ పిల్లకి మాట లేదు, ఏడుపొకటే. తల్లి కుచ్చిళ్లు పట్టుకుంటే వదలదు. పిల్ల ఊరుకునేదాకా గవరమ్మ గుమ్మంలో నిలబడేది, పనికి ఆలస్యంగా వెళ్లి మేస్త్రీ చేత తిట్లు తినేది.

మధ్యాహ్నం అందరూ పప్పన్నం దగ్గరుంటే నీలవేణి నా దగ్గరికి వచ్చేది. మొదట చెవి పట్టుకుని చూసింది. తర్వాత కాలెత్తబోతే అది నా పొట్ట దాకా కూడా రాలేదు. ఇంకోరోజు బోర్లా పడి బస్తాలా వేలాడింది. ఒక రోజు మాత్రం నా కాళ్ల కింద ఊగే కర్ర మీద పాదం ఊని, రెండో కాలు అటు వేసేసింది. తోక వైపు మొహం పెట్టి కూర్చుంది, అయినా కూర్చుంది! ఆ తర్వాత ఒక చెయ్యి వదిలి ముక్కు చీదడం కూడా వచ్చింది. తుడుచుకున్నది నా మెడకే.

అన్నాలయ్యాక అసలు చిక్కు. ముత్యాలు అనే పిల్లాడు ఎక్కి కూర్చునేవాడు.

"పాడవే, దిగుతాను. నోరు నేదేటే నీకు?"

నీలవేణి పాడలేదు, కరిచింది. పళ్లన్నీ సక్రమంగా మొలిచాయని ఆ రోజే అందరికీ తెలిసింది.

ఒక పొద్దున గవరమ్మ ఏడుపు గొంతుతో వచ్చింది. "టీచరమ్మా, ఈయేల లేటయితే ఇంక రావద్దన్నాడు మేస్త్రీ. ఈ గుంట నన్నొగ్గదు. పని పోతే మాం తినేదేటి?"

"ఒగ్గెల్లిపోవే. ఏడిసేడిసి అదే ఊరుకుంటాది."

"మీకేటమ్మా, సెప్తారు!"

నీలవేణి ఒక చేత్తో చీర పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాచింది. చీర అంత దూరం సాగదు. నా మీద ముత్యాలు ఊగుతున్నాడు. పిల్ల తల్లిని చూసింది, నన్ను చూసింది. చీర వదిలేసింది. వచ్చి నా మెడ మీద చెయ్యేసి ఊపుతూ, దోమంత గొంతుతో రోజూ వింటున్న పాట ఎత్తుకుంది. సగం చేపల్ని మింగేసింది.

"మజ్జిలో సేపలేవే? మళ్లీ పాడు," అన్నాడు ముత్యాలు.

ఈసారి కాలు నేలకేసి కొడుతూ మొత్తం పాడింది. ముత్యాలు బుద్ధిగా దిగాడు. "ఎక్కు. నాను ఊపుతాన్లే."

గవరమ్మ నోరు తెరుచుకుని గుమ్మంలోనే ఉండిపోయింది.

"పాట వింటా నిలబడితే పని పోద్ది, పరిగెట్టవే!" అని టీచరు అరిచింది.

పరిగెట్టింది. పిల్ల వెనక్కి చూడలేదని కాస్త నొచ్చుకున్నట్టే ఉంది కూడా. వదలడం లేదని ఇన్నాళ్లూ ఏడ్చిన మనిషే. సాయంత్రం జీడి మరకల చేతులతో నవ్వుతూ వచ్చింది. పని నిలబడింది.

ఇప్పుడు నీలవేణికి నాతో పనేముంది? పిల్లలందరినీ వరసగా చొక్కాలు పట్టించి రైలు నడుపుతోంది, ఇంజను తనే. మలుపులో నేను తగిలానట. "టీచరమ్మా, గుర్రం అడ్డంగా ఉంది, తీసీండి!" అంది. ఇంత పెద్ద మాట ఆ నోటివెంట రావడం అదే మొదలు, అదీ నా మీదే. టీచరు మురిసిపోయి నన్ను సామాన్ల గదిలో బియ్యం బస్తాల పక్కకి నెట్టింది. నా వీపు మీద కోడిగుడ్ల అట్టలు పేర్చారు. తలుపు సందులోంచి రైలు కూత వినిపిస్తోంది, అన్నిటికంటే పెద్ద గొంతు నీలవేణిదే. నాకు పోయిందల్లా కిటికీ కింద, పడమటి గోడ వారన, నేను నిలబడిన మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు నేల.