తిడితే తిరిగే పంపు

మా తమ్ముడు రేసు కారు నడుపుతాడు. ఆ కారుకి మెకానిక్కుని నేను. కిందటి నెల ఎండదెబ్బకి రేసు మధ్యలో సొమ్మసిల్లి కారుని గడ్డిలోకి తోలాడు. ఇంకోసారి ఇలా పడిపోతే లైసెన్సు రద్దు చేయిస్తానని డాక్టరు తేల్చి చెప్పేశాడు. కారు తప్ప వాడికి వేరే పని రాదు. ఆ మాటకొస్తే కారూ అంతంతమాత్రమే.

ఆ వేడికి మందు లేకపోలేదు. ఒక ఐసు పెట్టె, చిన్న పంపు, వీపుకి తగిలేలా సన్నటి గొట్టాలు. వాటిలో చల్లనీళ్లు తిరుగుతుంటాయి. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా దొరగారు ఒప్పుకోలేదు.

"ఎనిమిది కిలోలక్కా. అంత బరువు వేసుకుని గెలిచినట్టే."

బరువంటే వాడికి అంత బెంగ. కలిసొస్తుందని పోయిన వారం గుండు కూడా కొట్టించుకున్నాడు. తను బక్కపలచన కాబట్టి, కారూ డ్రైవరూ కలిసి ఇంత బరువుండాలన్న రూలుకి సరిపెట్టడానికి కారులో ఒక సీసపు దిమ్మ బిగించి ఉందని మాత్రం అయ్యగారికి తెలీదు. కారులో ఏముందో వంగి చూస్తే కదా. ఆ దిమ్మ తీసేసి, అంతే బరువున్న ఐసు పెట్టె అక్కడ బిగించాను. గొట్టాలు సీటు గుడ్డలో కుట్టేశాను.

ఇక మిగిలింది స్విచ్చి. పంపు ఆగకుండా తిరిగితే ఐసు సగం రేసుకే కరిగిపోతుంది, వాడికి అనుమానమూ వస్తుంది. స్టీరింగు మీద రేడియో మీట ఒకటుంది. అది నొక్కి పట్టుకుంటేనే వాడి మాట నాకు వినిపిస్తుంది. పంపు వైరు దానికే కలిపాను. నాతో వాదించినంతసేపూ నీళ్లు తిరుగుతాయి. వాడి నోటి మీద నాకు అంత నమ్మకం.

రేసు రోజు మిట్టమధ్యాహ్నం తారుకి చెప్పులు అంటుకుంటున్నాయి. హెడ్‌ఫోను తగిలించుకుని పని మొదలెట్టాను.

"ఏరా, ఆ మలుపులో కునుకు తీశావా?"

"నువ్వు బిగించిన బ్రేకులే కదక్కా ఇవి." అక్కణ్ణుంచి అర నిమిషం వాయించాడు. మంచిదే.

ఎనిమిదో క్లాసు తప్పిన సంగతి ఎత్తాను. ముప్పావు నిమిషం గిట్టుబాటయింది.

ఇంకా ఐదు రౌండ్లుండగా వాడి నోరు ఆగిపోయింది. బల్లిని చూసి బీరువా ఎక్కిన సంగతి తీశాను. ఉలుకూ పలుకూ లేదు. మాట లేదంటే పంపూ లేదు. నాన్న గడియారం పగలగొట్టి నా మీదకి నెట్టిన సంగతి కూడా తీశాను.

అప్పుడు రేడియో తెరుచుకుంది. ఇంజను హోరు, వాడి ఊపిరి, అంతే. మీట వదిలితే తప్ప నా మాట వాడికి చేరదు. అయినా అరుస్తూనే ఉన్నాను. ఏడుపొచ్చేసింది. పడిపోయాడా అంటే, కారు మాత్రం రౌండు రౌండుకీ బుద్ధిగా నా ముందు నుంచే పోతోంది.

నాలుగోవాడిగా వచ్చాడు. తన కాళ్ల మీద తనే దిగాడు. డాక్టరు నాడి చూసి, బాగానే ఉందని వెళ్లిపోయాడు.

"ఎందుకు మాట్లాడలేదురా?"

"మీట భలే పెట్టావక్కా. నొక్కితే వీపు చల్లగా ఉంటోంది, నీ గొంతూ వినపడట్లేదు. ఇంకేం కావాలి?"

వాడి వీపు మీద ఒక్కటి చరిచాను. చల్లగా తగిలింది. కాసేపు చెయ్యి తియ్యలేదు.