పక్కన పెట్టిన నలభై రెండు

వీరేంద్ర మీద చంద్రావతి కోపం ఇవాళ్టిది కాదు. తిన్న కంచం ఎత్తడు సరే, తాగిన గ్లాసు తియ్యడు సరే. ఆరు నెలలపాటు ఆవిడ నడుం విరిగేలా కూర్చుని చేసిన పనిని కూడా "ఏదో, ఇంట్లో ఖాళీయే కదాని మా ఆవిడకి అప్పజెప్పాను లెండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఖాళీ! తెల్లారకుండానే అత్తగారు సూరమ్మకి వేణ్ణీళ్ళు, తర్వాత షెడ్డులో పనివాళ్ళకి టీలు, ఆ పైన వంట, గిన్నెలు, బట్టలు. అన్నీ అయ్యాక మిగిలినదాన్ని ఆ ఇంట్లో ఖాళీ అంటారు.

ఏలూరులో వీరేంద్రది కార్ల షెడ్డు. కైకలూరులో రొయ్యల వ్యాపారం చేసే రాజరత్నం దగ్గర పాత హైబ్రిడ్ కారొకటి ఉంది. అల్యూమినియం బాడీ, తేలిక బండి, పెట్రోలు ఇంజనుకి చిన్న కరెంటు మోటారు సాయం. దానికి పెద్ద బ్యాటరీ ఎక్కించి, ఇంట్లో ప్లగ్గుకి తగిలించుకునేలా మారిస్తే కైకలూరు నుంచి ఏలూరు వచ్చి వెళ్ళినా పెట్రోలు చుక్క తాగదని వీరేంద్ర మాటిచ్చాడు. ఖర్చుకి రాజరత్నం డబ్బిచ్చాడు గానీ ఊరికే ఇవ్వలేదు. చంద్రావతికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద రాసిన తాడేపల్లిగూడెం పొలం కాగితాలు దగ్గర పెట్టుకుని ఇచ్చాడు. గడువులోగా బండి నడవకపోతే పొలం ఆయనది. "సంతకమే కదే, చెయ్యి అరిగిపోతుందా?" అన్నాడు వీరేంద్ర. చేసింది.

ఆ పెద్ద బ్యాటరీ కట్టడానికి పాత లాప్‌టాప్‌లలోంచి తీసిన బొటనవేలంత బ్యాటరీ సెల్స్ బస్తాల్లో వచ్చాయి. వాటిని గుడ్ల అట్టల్లో నిలబెట్టి, ఛార్జి చేసి, మీటరుతో చూసి, వారం ఆగి మళ్ళీ చూసి, బలమైనవాటిని ఒకచోటికీ నీరసమైనవాటిని మరోచోటికీ చేర్చాలి. చంద్రావతికి అది తెలియని పనేం కాదు. ఈ షెడ్డు నిలదొక్కుకునేదాకా అయిదేళ్ళు రోజూ కైకలూరు బస్సెక్కి, రొయ్యలు సైజుల వారీగా ఏరి ఇల్లు నడిపింది ఆవిడే. కిలోకి ముప్పై తూగేవో నలభై తూగేవో చూపుతోనే చెప్పేది. ఆ ఐసులో వేళ్ళు మొద్దుబారిపోయాయి. వేడన్నం తగిలినా తెలీదు. అందుకే ఛార్జి అవుతున్న సెల్‌ని, పసిబిడ్డ పాలు చూసినట్టు, మణికట్టుకి ఆనించి చూసేది. ఊరికే వెచ్చబడేది పనికిరాదు. అలా రెండు వేలల్లో నలభై రెండు ఏరి, విడిగా రెండు అట్టల్లో పెట్టింది.

"చాల్లే సంబడం," అనేది సూరమ్మ. "నువ్వు మీటరు పట్టుకు కూచుంటే పొయ్యి దగ్గర ఎవరుంటారే? నేనా?"

చంద్రావతి జవాబు చెప్పేది కాదు. ఓర్పు అనుకునేవారు చూసినవాళ్ళు. ఓర్పూ కాదు, పాడూ కాదు. వేళ్ళకి పట్టిన మొద్దుతనం ఎప్పుడు పైకి పాకిందో గానీ, విన్న మాట లోపలికి దిగడం మానేసి చాలా ఏళ్ళయింది.

గడువు చివరి రోజు పొద్దున్న షెడ్డు ఊడుస్తుంటే ఆ రెండు అట్టలూ ఖాళీగా కనిపించాయి.

"ఏవండీ, పక్కన పెట్టినవి ఏవండీ?"

"బండికి ఎక్కించేశాను. మిగతావి సరిపోలేదు."

"అవి వేడెక్కుతాయండీ. కాలిపోతే?"

"మణికట్టు చెప్పిందా? అబ్బో, ఇంజనీరువే! నిన్న బైపాస్ దాకా వెళ్ళొచ్చాను, ఏమైంది? విప్పితే మళ్ళీ వారం పడుతుంది. వాళ్ళొచ్చే వేళయింది, కాఫీ పెట్టు."

కాఫీ పెట్టింది. పాలు పొంగే లోపల అన్నీ ఆలోచించుకుంది. నోరు మూసుకుంటే బండి ఇవాళ కైకలూరు వెళ్తుంది, కాగితాలు ఇంటికొస్తాయి. కాలితే ఏ నెలకో కాలుతుంది. కాలకపోనూవచ్చు. భయమూ రాలేదు, ఏడుపూ రాలేదు. చక్కెర వేసి కలిపింది.

ట్రే పట్టుకుని వచ్చేసరికి రాజరత్నం కూతురు సుష్మిత స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"ఇక కాలేజీకి బస్సు అక్కర్లేదండీ ఆంటీ! నా గది కిందే ఛార్జింగు పాయింటు పెట్టించారు నాన్న. రాత్రి తగిలించేసి పడుకోవడమే!"

"మాట నిలబెట్టుకున్నారండీ వీరేంద్రగారూ," అన్నాడు రాజరత్నం, సంచిలోంచి పొలం కాగితాలు తీస్తూ. "గట్టిగా చూశారు కదండీ? ఎక్కేది మా పిల్ల."

"భలేవారే! ఒక్కో సెల్లూ నా చేతులతో చూశానండీ."

చంద్రావతి ట్రేని కారు ముందు భాగం మీద పెట్టింది.

"ఆయన చూళ్ళేదండీ. నేను చూశాను. నలభై రెండు పనికిరావని తీసేశాను. అవి ఇప్పుడు మీ అమ్మాయి వీపు వెనకాల ఉన్నాయి."

రాజరత్నం వీరేంద్ర మొహంలోకి చూశాడు. వీరేంద్ర నేల చూపులు చూశాడు. "దిగమ్మా," అన్నాడు రాజరత్నం కూతురితో. కాగితాలు మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "గడువు ఇవాళ్టితో సరి. నన్నేమీ అనుకోకండి."

వాళ్ళు వెళ్ళేదాకా ఆగి వీరేంద్ర విరుచుకుపడ్డాడు. "బుద్ధుందా నీకు? పోయింది ఎవరి పొలమే? నాదా? నీదే! నోటిమాటతో పోగొట్టుకున్నావు, తెలుస్తోందా?"

చల్లారిన కాఫీ గ్లాసులు ట్రేలో సర్దుకుంటోంది చంద్రావతి.

"తెలుసండీ," అంది. "ఎకరం ముప్పై ఆరు సెంట్లు."